ఆ ఆరు లక్షలు లెక్కలోంచి తీసేయండి

ప్రశ్న: మాది కావలి. నాకు 34 ఏళ్లు, ఒక బాబు. టైలరింగ్ షాపు మీద అద్దె పోను నెలకు 16,000 మిగులుతుంది. రెండేళ్లలో నడక, తిండి మార్పుతో 92 కిలోల నుంచి 67కి వచ్చాను. ఒంగోలులో ఉండే మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, గర్భసంచి తీసేశారు. పిల్లల్లేరు. ‘బరువు తగ్గావు కదా, మా బిడ్డను నువ్వే మోసిపెట్టు’ అని అడిగారు. నాకూ ఇష్టమే. 6 లక్షలు ఇస్తామని, గిఫ్ట్ డీడ్ రాస్తే టాక్స్ కూడా ఉండదని మా అత్తగారు అంటున్నారు. 3,40,000 గోల్డ్ లోన్ ఉంది. ఆ డబ్బు దానికి కట్టాలా, ఎఫ్‌డీ వేయాలా?

జవాబు: రెండూ కాదమ్మా. ఆ డబ్బు మీరు తీసుకోకూడదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం ప్రకారం బిడ్డను మోసినందుకు ఏ రూపంలోనూ ప్రతిఫలం ఉండకూడదు. వైద్యం ఖర్చు, ఇన్సూరెన్స్, నిబంధనల్లో చెప్పిన ఖర్చులు, అంతవరకే. డబ్బుకు చేయించుకునే దంపతులకు మొదటిసారి ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, మళ్లీ చేస్తే పదేళ్ల వరకు, 10 లక్షల వరకు. అసలు సంగతి ఇంకోటుంది. ఇలాంటి కేసు కోర్టుకెళితే, వేరేగా రుజువయ్యేదాకా, బిడ్డను మోసిన మనిషిని భర్తో, బిడ్డ కావాలన్న దంపతులో, బంధువులో బలవంతం చేశారనే కోర్టు అనుకోవాలని చట్టంలోనే రాసుంది. అంటే ముందు ఇరుక్కునేది మీ ఆయన, మీ వదిన, ఆ సలహా ఇచ్చిన మీ అత్తగారు.

గిఫ్ట్ మీద టాక్స్ లేదన్నమాట వరకు నిజమే. భర్త అక్క ఇచ్చే గిఫ్ట్‌కు ఆదాయపు పన్ను పడదు. కానీ టాక్స్ లేని డబ్బంతా సక్రమమైన డబ్బు కాదు. పైగా డీడ్ మీద ఉన్న తేదీ, ఆసుపత్రి కాగితం మీద ఉన్న తేదీ పక్కపక్కన పెడితే చదువు రానివాళ్లకైనా అర్థమవుతుంది.

కాబట్టి ఒక్క రూపాయి రాకపోయినా చేస్తారా అని మీకు మీరే తేల్చుకోండి. చేస్తాననుకుంటే అసలు లెక్క ఇది. చివరి మూడు నెలలు, కాన్పు తర్వాత మూడు నెలలు షాపు నడవదనుకుందాం. ఆరు నెలల ఆదాయం 96,000. షాపు అద్దె నెలకు ఎంతో మీరు రాయలేదు, 3,500 అనుకుంటే మరో 21,000. మొత్తం 1,17,000. అంటే ఇది మీ ఇంటికి రాబడి కాదు, ఖర్చు.

ఈ ఖర్చు తగ్గించుకునే దారుంది. షాపు మూయకండి. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు నెలలు తాళం పడితే జాకెట్లు పక్కవీధి షాపుకు వెళ్తాయి, కొలత జాకెట్టు అక్కడే ఉండిపోతుంది, ఆ మనిషి ఇక తిరిగి రాదు. కటింగ్ మీరు చేసి, మిషన్ పని ఇంకో అమ్మాయికి పీసు లెక్కన ఇవ్వండి. ఇప్పటినుంచే అలవాటు చేయండి. చీటీ కడుతుంటే మాత్రం ఇప్పుడే పాట పాడొద్దు. కాన్పుకు రెండు నెలల ముందు పాడండి, ఆ డబ్బే మీ ఆరు నెలల ఖర్చు.

వదిన వాళ్లు చట్టప్రకారం మీ పేరున 36 నెలల ఇన్సూరెన్స్ తీయాలి. కాన్పు తర్వాత వచ్చే ఇబ్బందులూ అందులో ఉండాలి. పాలసీ కాగితం మీ చేతికి వచ్చాకే ఆసుపత్రి మెట్లెక్కండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉందిలే అని ఊరుకోవద్దు. పిండం పెట్టేరోజుకు మీకు 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి కాబట్టి అందరూ తొందరపెడతారు. పెట్టనివ్వండి. పిండం పెట్టేముందు వరకు వద్దనుకునే హక్కు మీకుంది. బరువు గురించి చట్టంలో ఏమీ లేదు, శారీరకంగా, మానసికంగా ఫిట్ అని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి.

మీరు తగ్గిన ఆ 25 కిలోలకు నా దగ్గర వేరే విలువుంది. మీ ఎత్తు రాయలేదు, కానీ 92 కిలోలప్పుడు టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) అడిగితే ప్రీమియం గట్టిగానే వేసేవాళ్లు. ఇప్పుడు అడగండి, గర్భం వచ్చాక చాలా కంపెనీలు కాన్పయ్యాక రమ్మంటాయి. బరువెందుకు తగ్గిందని ఫారంలో అడుగుతారు. దాచకండి, నడక, తిండి అని రాయండి, పాత రిపోర్టులు జతచేయండి. ఐటీ రిటర్న్ లేకపోతే పెద్ద మొత్తం ఇవ్వరు, ముందు అది వేయించండి. ఈలోపు బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి బీమా తీసుకోండి, 2 లక్షల కవర్.

ఇక గోల్డ్ లోన్. రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 3,400. దాన్ని నెలనెలా కట్టేయండి. ఏడాది చివర ఒకేసారి 40,800 కడదామని వదిలేస్తే, సరిగ్గా మీరు మంచం మీద ఉన్న నెలలోనే నోటీసు వస్తుంది. లోన్ అసలు మొత్తం సంగతి మీరు మళ్లీ మిషన్ మీద కూర్చున్నాక చూద్దాం.