మోగని పాటల ఫైళ్ల గురించి మేనల్లుడికి

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఒంగోలులో మీ ఇంటి కంప్యూటరులో అమ్మమ్మ పాటల ఫైళ్లు కొన్ని మోగడం లేదని, విండోస్ మళ్లీ వేయించాలనుకుంటున్నావని రాశావు. అంత పని ఇప్పుడే పెట్టుకోకు. ముందుగా వాటన్నిటినీ పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, అసలు ఫైళ్లను ముట్టుకోకుండా కాపీల మీదే ప్రయత్నించు. అమ్మమ్మ గొంతును మళ్లీ రికార్డు చేసుకునే భాగ్యం మనకు లేదు.

లోపం ఫైలులో ఉందా, కంప్యూటరులో ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఇంతకుముందు బాగా మోగిన వేరే పాట ఒకటి పెట్టి చూడు. అదీ వినిపించకపోతే, గడియారం పక్కనున్న స్పీకరు గుర్తు నొక్కి శబ్దం ఏ పరికరానికి వెళుతోందో గమనించు. హెచ్‌డీఎంఐ తీగతో మానిటరు తగిలించినప్పుడు, స్పీకర్లే లేని ఆ మానిటరుకు శబ్దం మళ్లడం తరచుగా జరిగేదే.

ఆ పాట మోగి మనవి మాత్రమే మోగకపోతే, ఫైలు రకం చూడాలి. పాత ఫోన్లలో రికార్డు చేసినవి చాలావరకు ఏఎంఆర్ రకం, వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఓపస్ రకం. నీ ప్లేయరుకు అవి చేతకాకపోతే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరులో తెరిచి చూడు. పేరు చివర ఎంపీ3 అని మార్చినంత మాత్రాన లోపలిది మారదు కనుక ఆ పని చేయవద్దు.

నా దిగులంతా రికార్డింగు మధ్యలో కరెంటు పోయిన వేవ్ ఫైళ్ల గురించే. వేవ్ ఫైలు మొదట్లో, దాని వివరాలుండే హెడరు అనే భాగంలో శబ్దం ఎంత పొడవన్నది చాలా సాఫ్ట్‌వేర్లు రికార్డింగు ఆపాకే రాస్తాయి. కరెంటు పోతే ఆ అంకె సున్నాగా మిగిలిపోయి, ఫైలు ఖాళీ అని ప్లేయరు అనుకుంటుంది. ప్రాపర్టీస్‌లో సైజు చూడు. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ ఉండాలి. అలా ఉంటే పాట చాలావరకు భద్రమనే నా నమ్మకం. శబ్దాన్ని సవరించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు తెరిచి, దాని ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో రా డేటా ఎంచుకుని, 16 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్, స్టీరియో, 44,100 అని ఇవ్వు. గొంతు సన్నబడి రెట్టింపు వేగంతో వినిపిస్తే అది మోనో రికార్డింగు కావచ్చు, మోనో అని మార్చి మళ్లీ తెరువు. మొదట్లో చిటుక్కుమనేది హెడరు తాలూకు బైట్లే. దాన్ని కోసేసి, కొత్త పేరుతో వేవ్‌గానే ఎక్స్‌పోర్ట్ చెయ్యి.

సైజే సున్నా చూపిస్తే, ఆ ఫైళ్లు వచ్చిన పాత మెమరీ కార్డులో కొత్తగా ఏమీ ఎక్కించకుండా, నేను వచ్చేదాకా విడిగా దాచి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య