డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఫిలాసఫీ చదివితే ఉపయోగం ఉంటుందా?

ఇంట్లోవాళ్ళు గీత చదువుకో అంటున్నారు, ఫిలాసఫీతో డిప్రెషన్ అర్థమవుతుందా అని అడిగారు. అర్థమవుతుందండి, నాకైతే అయింది, కానీ ఏది చదువుతున్నాం, ఏ టైంలో చదువుతున్నాం అన్నది చూసుకోవాలి.

నేను బెంగళూరులో మారతహళ్ళి పీజీలో ఉన్న రోజులవి. డిప్రెషన్ అంటే బాగా బాధగా ఉండటం అనుకుంటారు అందరూ, నాకసలు ఏడుపే రాలేదు. అమ్మ బస్సు పార్సిల్‌లో గోంగూర పచ్చడి పంపింది, అదంటే నాకు ప్రాణం, సీసా కళ్ళెదురుగానే ఉంది, రుచి కూడా గుర్తుంది, కానీ వేడన్నంలో కలుపుకుని తినొచ్చు కదా అన్న ఊహే లోపల పుట్టలేదు, మూతకి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు.

మాథ్యూ రాట్‌క్లిఫ్ అనే ఫిలాసఫర్ 2015లో సరిగ్గా దీనిమీదే పుస్తకం రాశాడు. ఆయన చెప్పేదేంటంటే, డిప్రెషన్‌లో ఏదో ఒక ఆశ పోవడం కాదు, ఆశ పెట్టుకోగలగడమే పోతుంది, ఇది చేయొచ్చు, రేపు ఇంకోలా ఉండొచ్చు అని మామూలప్పుడు మనకి తెలీకుండానే ఉండే భావన ఉంటుంది చూడండి, అదే ఉండదు. ఇది చదివాక నేను బద్ధకస్తుణ్ణి కాదని మొదటిసారి నమ్మాను.

స్టోయిక్స్ అని పాతకాలపు గ్రీకు, రోమన్ ఫిలాసఫర్లున్నారు, వాళ్ళ సంగతి వేరు. మనల్ని కలవరపెట్టేది జరిగినవి కాదు, వాటిమీద మన అభిప్రాయాలు అంటాడు వాళ్ళలో ఒకడైన ఎపిక్టెటస్, ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే ఇప్పటి సీబీటీ థెరపీకి మూలాల్లో అదొకటి. కాస్త తేరుకున్నాక పనికొచ్చింది, అడుగున ఉన్నప్పుడు మాత్రం తప్పంతా నాదే అన్నట్టు వినిపించింది.

ఇక గీత. మనవాళ్ళు సరాసరి రెండో అధ్యాయానికి వెళ్ళిపోయి లే, పిరికితనం వదులు అంటారు, మొదటిది ఎవరూ చదవరు. అర్జునుడికి డిప్రెషన్ అని నేననను గానీ, ఒళ్ళు పట్టు తప్పుతోంది, నోరెండిపోతోంది, గాండీవం జారిపోతోంది, నిలబడలేకపోతున్నాను అని అతను చెప్పుకుంటాడు, ఆ అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అతను చెప్పుకున్నంతసేపూ కృష్ణుడు ఒక్క మాట కూడా అడ్డు రాడు, దయచేసి మీ ఇంట్లోవాళ్ళకి ఈ ముక్క చెప్పండి.

అలాగని పుస్తకాలతో తగ్గిపోలేదు, మందులు, కౌన్సెలింగ్‌తోనే తగ్గింది. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు. ముందు అది చేయండి, పుస్తకాలు తర్వాత.