నాలుగో దశ మెలనోమాకు వైద్యం చేయించడం వృథాయేనా?

ప్రశ్న: మా అమ్మ వయసు 58. రెండేళ్ల క్రితం ఎడమ మడమ మీద నల్లటి మచ్చ వస్తే ఆనెకాయ అనుకుని పట్టీలు వేసుకుంటూ వచ్చింది. అది పుండై రక్తం కారడంతో బయాప్సీ చేయించాం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. గజ్జల్లో బిళ్లలు కట్టాయి, ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయని పెట్ స్కాన్‌లో వచ్చింది. డాక్టరుగారు ఇమ్యూనోథెరపీ మొదలుపెడదామంటున్నారు. నాలుగో దశలో లక్షలు పోసినా వృథాయేనని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మీ బంధువుల మాట 2011కు ముందైతే చాలావరకు నిజమే. అప్పట్లో ఈ వ్యాధి ఇతర అవయవాలకు పాకితే డకార్బజీన్ అనే కీమోథెరపీ మందే ప్రధాన ఆధారం. దానితో గడ్డలు కరిగేది కొద్దిమందికే, ఆ మేలు కూడా నెలలకు మించి నిలిచేది కాదు. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు అమెరికాలో అనుమతి పొందాక పరిస్థితి మారింది. ఇవి క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు, మన రక్షణ కణాలకున్న కళ్లేన్ని వదులు చేసి వాటి చేతనే ఆ పని చేయిస్తాయి. ఈ కళ్లెం సంగతి కనిపెట్టినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి ఇచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో పదేళ్ల తర్వాత కూడా నూటికి 43 మంది జీవించి ఉన్నారు.

అయితే ఈ అంకెను మీ అమ్మగారికి అలాగే అన్వయించుకోకండి. అందులో పాల్గొన్నవారిలో అత్యధికులు తెల్లజాతివారు, ఎండ తగిలే చర్మం మీద మెలనోమా వచ్చినవారు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వచ్చే రకం. అందులో జన్యుమార్పులు తక్కువ కాబట్టి రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టడమూ కష్టమే, మందుకు లొంగేవారి సంఖ్యా తక్కువే. అయినా కొందరిలో ఫలితం ఏళ్ల తరబడి నిలుస్తుంది కనుక ప్రయత్నించదగ్గ వైద్యమేనని నా నిశ్చితాభిప్రాయం.

మందు మొదలుపెట్టేలోపు బయాప్సీ ముక్కలో బీరాఫ్, కిట్ అనే జన్యువుల్లో మార్పులున్నాయేమో చూసే పరీక్షలు, మెదడుకు ఎమ్మారై చేయించారో లేదో డాక్టరుగారిని అడగండి. బీరాఫ్ మార్పు ఉంటే డబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ మాత్రలు పనిచేస్తాయి. గడ్డలు త్వరగా తగ్గుతాయి గానీ చాలామందిలో కొంతకాలానికి మందుకు లొంగకుండా పోతాయి. బీరాఫ్ మార్పు ఉన్నవారిలో ఇమ్యూనోథెరపీ ముందు, మాత్రలు తర్వాత వాడితే రెండేళ్లకు నూటికి 72 మంది, వరుస తారుమారు చేస్తే 52 మంది బతికి ఉన్నట్టు ఒక అధ్యయనం చూపింది. వ్యాధి మరీ వేగంగా ముదురుతుంటే మాత్రం మాత్రలతో మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఖర్చు విషయంలో మొహమాటపడకండి. ఆరోగ్యశ్రీ సాయం గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, మందుల కంపెనీల సహాయ పథకాల గురించి డాక్టరుగారిని సూటిగా అడగండి, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనూ విచారించండి. ఖర్చు తగ్గించేందుకు తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇచ్చి ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు మేలు చూపారు గానీ, దాన్ని మెలనోమాకు అలాగే వర్తింపజేయలేం.

దుష్ప్రభావాల గురించి గట్టిగా చెప్పాలి. కళ్లెం వదిలిన రక్షణ కణాలు పేగుల మీద, కాలేయం మీద, థైరాయిడ్ మీద, ఊపిరితిత్తుల మీద కూడా పడవచ్చు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ కలిపి ఇస్తే సగానికి పైగా రోగుల్లో ఇది తీవ్రంగానే ఉంటుంది. విరేచనాలు పట్టుకుంటే తిండి పడలేదనుకుని మెడికల్ షాపులో మాత్ర కొని వేయడం మన ఇళ్లలో అలవాటు. ఈ వైద్యంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. విరేచనాలు, పొడిదగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, లేవలేనంత నీరసం, వీటిలో ఏది కనిపించినా, మందు ఆపి నెలలు గడిచినా సరే, ఆ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. స్టెరాయిడ్లు సకాలంలో ఇస్తే చాలావరకు అదుపులోకి వస్తాయి. ఆకుపసర్లు కలపకండి: కాలేయం దెబ్బతింటే కారణం ఏదో తేల్చలేక అసలు మందే ఆపాల్సి వస్తుంది.

కాలి పుండుకు, నొప్పికి ఉపశమన వైద్యం కూడా మొదటి రోజు నుంచే జరగాలి. మీ ఉత్తరంలో డాక్టరుగారి మాట ఉంది, బంధువుల మాట ఉంది, అమ్మగారి మాట లేదు. జబ్బు పేరు ఆవిడకు ఇంకా చెప్పకపోతే ఈ వారమే నెమ్మదిగా చెప్పి, తదుపరి సంప్రదింపుకు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి.