టిఫా స్కాన్‌కి ముందు భారతికి నాలుగు మాటలు

చి. సౌ. భారతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వీడియో చూశాను. వేవిళ్ళు తగ్గి మొహం తేటపడింది, సంతోషం. ఇక నువ్వడిగిన సంగతి, వినబడని మనలాంటివాళ్ళు పురుటికి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అని. అల్లుడేమో, ఊరు దాటి వెళ్ళాల్సొచ్చినా సరే డెఫ్ డాక్టర్నే వెతుకుదాం అంటున్నాడు. మీ అత్తగారేమో గాజువాకలో తనకి తెలిసిన డాక్టరమ్మ ఉంది, పక్కన నేను కూర్చుంటాగా, ఇంకేం కావాలి అంటున్నారు. ఇద్దరూ నీ మంచి కోరే చెప్తున్నారు. నాకు మాత్రం ఇద్దరి మాటా సగమే నచ్చింది.

ముందు అల్లుడి సంగతి. మనలాంటి డాక్టరైతే మన బాధ చెప్పకుండానే తెలుస్తుందన్నది అతని ఆశ. ఆ ఆశ నాకూ ఉండేది. కానీ మన దేశంలో డెఫ్ డాక్టర్లు ఎందుకంత అరుదో చూడు. మెడిసిన్ సీటుకి వినికిడి లోపం 40 శాతం దాటకూడదని రూలు పెట్టారు. దాటితే, చెవి మిషన్‌తో దాన్ని 40కి లోపలికి తెచ్చుకున్నవాళ్ళకే అర్హత ఉండేది. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ అనే కుర్రాడి కేసులో సుప్రీంకోర్టు, శాతం ఒక్కటే చూసి తోసెయ్యకండి, చదవగలడా లేదా అన్నది పరీక్షించి తేల్చండి అంది. అతనిది మాటకి సంబంధించిన వైకల్యం, అయినా ఆ తీర్పు మన పిల్లలకీ పనికొస్తుంది. కాకపోతే ఆ దారిన సీటు తెచ్చుకున్నవాళ్ళు డాక్టర్లై బయటికొచ్చేసరికి నీ కడుపులో ఉన్నది బడికి పోతూ ఉంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, అల్లుడికి అది తట్టినట్టు లేదు. మిషన్‌తో వినగలిగినవాళ్ళకే సీటు వచ్చిందంటే, వాళ్ళలో చాలామంది నోటితో మాట్లాడుతూ, ఎదుటివాళ్ళ పెదాలు చూస్తూ పెరిగినవాళ్ళే అయ్యుంటారు. సైన్, అంటే మన చేతుల భాష, రాకపోవచ్చు. ఎంతో దూరం ప్రయాణం చేసి వెళ్తే అక్కడ ఆ డాక్టరూ నువ్వూ ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తే ఏం లాభం? సైన్ వచ్చినా, ఉత్తరాది వాళ్ళ చేతులకీ మన చేతులకీ కొన్నిచోట్ల తేడా ఉంటుంది. వారాల పేర్లే చూడు, ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా చూపిస్తారు. కబుర్లలో అది నవ్వుకునే సంగతి, మాత్ర ఏ వారం మొదలుపెట్టాలో చెప్పేటప్పుడు కాదు.

ఇదంతా డెఫ్ మనిషి మంచి డాక్టర్ కాలేడని చెప్పడానికి కాదమ్మా. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో ఫిలిప్ జాజోవ్ అనే ఆయన పుట్టు డెఫ్, అక్కడి ఫ్యామిలీ మెడిసిన్ విభాగానికే అధిపతిగా పనిచేశాడు. గుండె చప్పుడు వినకుండా వైద్యం ఎలా చేస్తారని మీ అత్తగారు అడిగితే, ఆ చప్పుడుని స్క్రీన్ మీద గీతలుగా చూపించే స్టెతస్కోపులు వచ్చాయని చెప్పు. నేను అంటున్నది ఒక్కటే. నీకు ఐదో నెల. పురుడు మన ఊళ్ళో, అర్ధరాత్రయినా ఆటోలో చేరగలిగేంత దూరంలో జరగాలి. ఆ పనికి చేతి నైపుణ్యం, దగ్గరితనం ముందు. చెవి తర్వాత.

అయితే డెఫ్ మనిషి దగ్గరికే వెళ్ళాల్సిన పని ఒకటుంది. మీ పెదనాన్న పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. మొదట ఒక వినే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు, మంచాయనే. కాగితం మీద ‘నిద్ర ఎలా ఉంది?’ అని రాశాడు. ‘లేదు’ అని రాశాను. ‘ఆకలి?’ ‘తక్కువ.’ అంతే, మాత్రలు రాసిచ్చాడు. దుఃఖాన్ని తెల్లకాగితం మీద పెన్నుతో ఎంతని రాస్తాం? ఆ తర్వాత ఎవరో చెప్తే ఒక డెఫ్ కౌన్సిలర్‌తో వీడియోలో మాట్లాడాను. ఆ అమ్మాయి ముందు నా చేతులు వాటంతటవే కదిలాయి. నేను చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోతే, ఆ ఆగడం కూడా ఆమెకి అర్థమైంది. మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఉండుంటే ఆ చివరి రోజు ఐసీయూ సంగతి నేను చెప్పి ఉండేదాన్ని కాదు. మనసు బాగోకపోయినా, పురుడయ్యాక కారణం లేకుండా ఏడుపొస్తున్నా, కొందరు బాలింతలకి వస్తుంది, అప్పుడు డెఫ్ కౌన్సిలర్ కోసం ఎంత దూరమైనా వెతుకు. వీడియోలో ఎలాగూ దూరం లెక్కలేదు.

ఒక్క జాగ్రత్త. మన లోకం చిన్నది. ఈ ఊళ్ళో డెఫ్ వాళ్ళలో ఎవరికి పెళ్ళి కుదిరిందో, ఎవరు విడిపోయారో సాయంత్రానికల్లా బీచ్ రోడ్డు దాకా పాకిపోతుంది. నీకు సలహా ఇచ్చే మనిషి ఆదివారం అదే బెంచీ మీద మన పక్కన కూర్చుంటుందంటే నీకే నోరు రాదు. అందుకే కౌన్సిలర్ వేరే ఊరి మనిషైతే మేలని నా ఉద్దేశం. నేనూ అలాగే చేశాను. సైన్‌లో కాస్త తేడా ఉన్నా సర్దుకున్నాను, ఎందుకంటే అక్కడ తేదీలూ మోతాదులూ ఉండవు, తప్పితే మళ్ళీ అడగొచ్చు.

ఇక మీ అత్తగారు. ఆవిడ ప్రేమని నేను తప్పు పట్టను. కానీ ఆవిడ డాక్టరుకీ నీకూ మధ్య కూర్చోకూడదు. నా పిత్తాశయం ఆపరేషన్‌కి ముందు ఒక ఆసుపత్రిలో ఇదే జరిగింది. డాక్టర్ మీ మావయ్య వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. చేతులు తిప్పాడు, కాగితం మీద ఏదో బొమ్మ గీశాడు, ఒకసారి నుదురు కూడా చిట్లించాడు. నేను మావయ్య చొక్కా లాగి ఏమన్నాడని అడిగితే, అరచెయ్యి ఊపి ‘ఏం పర్లేదంట’ అన్నాడు. అంతసేపు చెప్పింది ఆ రెండు ముక్కలేనా? నాకు భయం వేస్తుందని దాచాడట, తర్వాత చెప్పాడు. ఇంట్లోవాళ్ళు అబద్ధం చెప్పాలని చెప్పరు, మన మీద ప్రేమతో కత్తిరించి చెప్తారు. కడుపుతో ఉన్న కోడలికి అత్తగారు ఇంకెంత కత్తిరిస్తారో ఆలోచించు. పైగా మీ ఇద్దరి మధ్య సంగతులు, ఇదివరకు పోయిన గర్భం సంగతి, అవన్నీ డాక్టర్ అడుగుతుంది. ఆవిడ ముందు చెప్పగలవా?

వినే డాక్టరే అనుకున్నప్పుడు ఎవరిని ఎంచుకోవాలి? పేరు, బోర్డు మీద డిగ్రీలు అందరూ చూసేవే. నేను చూసేది మొదటి ఐదు నిమిషాలు. నువ్వు లోపలికెళ్ళగానే ‘నాకు వినబడదు, రాసి మాట్లాడుకుందాం’ అన్న కార్డు చూపించు. ఆవిడ చూపు నీ మీదే ఉందా, వెంటనే పక్కవాళ్ళ మీదికి పోయిందా చూడు. మాస్కు దించిందా? పెన్ను తీసుకుందా? రాసినది ఇంగ్లీషులో గీకి పడేసిందా, తెలుగులో రాయమంటే రాసిందా? అన్నిటికంటే, నువ్వు జవాబు రాస్తున్నంతసేపు ఆగిందా? ఆగని డాక్టర్ ఎంత పెద్ద పేరున్నదైనా మార్చెయ్యి. పురిటినొప్పుల్లో ఆవిడ అస్సలు ఆగదు.

మొహమాటానికి తల ఊపకు. ఇది నీకు ఉన్న జబ్బు, నాకు తెలుసు. అర్థం కాకపోయినా నవ్వి తల ఊపేస్తావు, వాళ్ళు అర్థమైందనుకుని చీటీ మడిచేస్తారు. దాని బదులు నీకు అర్థమైనది నువ్వే రాసి చూపించు: ‘ఐరన్ మాత్ర అన్నం తిన్నాక, రోజుకి ఒకటి, పాలతో వద్దు. ఇదేనా?’ తప్పుంటే ఆవిడే దిద్దుతుంది. పెదాలు చదివి నెట్టుకొచ్చేద్దాం అనుకోకు. అద్దం ముందు గొంతు లేకుండా పాట, బాట, మాట అని చూడు, మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి. ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగు కూడా రాసి చూపిస్తుంది, మామూలు మాటలకి బాగానే పనికొస్తుంది, మందుల పేర్ల దగ్గర మాత్రం దాన్ని నమ్మొద్దు. మందుల పేరు కాగితం మీదే ఉండాలి. కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపువాడికైనా అదే చూపించు.

టిఫా స్కాన్ అన్నావు కదా, బిడ్డ అవయవాలన్నీ చూసే ఆ స్కాన్‌లో ఒక ఇబ్బంది ఉంది. ఆ గదిలో లైటు తీసేస్తారు, డాక్టర్ మొహం స్క్రీన్ వైపు ఉంటుంది. నువ్వు పడుకుని ఉంటావు, ఆవిడ మాట్లాడుతుందో లేదో కూడా తెలీదు. ఆవిడ మొహం సీరియస్‌గా పెట్టినా మనకి గుండె జారిపోతుంది. అందుకని పడుకోకముందే రాసి చూపించు: ‘ఊపిరి బిగబట్టాలంటే భుజం మీద తట్టండి. పక్కకి తిరగాలంటే ఆ వైపు చెయ్యి చూపండి. అయ్యాక లైటు వేసి చెప్పండి.’ బిడ్డ గుండె కొట్టుకునేది వినిపిస్తారు చాలాచోట్ల. నువ్వు స్క్రీన్ మీద చూపించమను, అక్కడ అది గంతులు వేస్తూ కనబడుతుంది.

ఇంటర్‌ప్రెటర్ కావాలా అన్నావు. నెలనెలా చూపించుకోవడానికి అక్కర్లేదు, నువ్వు తెలుగు చక్కగా చదువుతావు. ఆపరేషన్ అనే మాట వస్తే, సంతకం పెట్టమంటే మాత్రం తప్పకుండా పెట్టుకో, అల్లుడికి ఆ కాగితంలో భాష బొత్తిగా అందదు. ఆర్‌సీఐలో, అంటే కేంద్రం వాళ్ళ పునరావాస మండలిలో, రిజిస్టరైన మనిషైతే మంచిది, చుట్టం కాకపోతే ఇంకా మంచిది. ముందురోజే ఇద్దరూ కలిసి మాటలు సరిచూసుకోండి. సిజేరియన్, మాయ, ఉమ్మనీరు, వీటికి సైన్ ఒకటే అనుకోకండి. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా కేంద్రం వాళ్ళ డిక్షనరీలో 10,000కి పైగా మాటలకి వీడియోలున్నాయి, వైద్యానికి సంబంధించినవీ ఉన్నాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆసుపత్రుల సంగతి ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండింట్లోనూ మనకి అడ్డంకులు లేకుండా చూడాలి, చూపించుకోవడంలో ముందు అవకాశం ఇవ్వాలి. ఓపీ దగ్గర సర్టిఫికెట్ చూపించి అడుగు, సిగ్గేం లేదు. పేరు కేకేస్తారు కాబట్టి చీటీ మీద ఎర్ర పెన్నుతో ‘వినబడదు, చెయ్యి ఊపండి’ అని రాసి సిస్టర్‌కి ఇవ్వు. చట్టంతో క్యూలో ముందుకెళ్ళొచ్చు కానీ డాక్టర్ మొహం మన వైపు తిప్పించలేం, దానికి నీ కార్డూ నీ మొండితనమే దిక్కు.

లేబర్ రూమ్ గురించి ముందే మాట్లాడుకో. ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా పురుడు పోసేటప్పుడు ఒక ఆడతోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మీ అమ్మని పెట్టుకో, మీ అమ్మకి సైన్ వచ్చు, నీ చెయ్యి చూడగానే తెలుస్తుంది. అక్కడ మీ అమ్మ పని నువ్వు అన్నది వాళ్ళకి, వాళ్ళు అన్నది నీకు చేరవెయ్యడమే, నిర్ణయం నీదే. ముక్కమన్నప్పుడు మోకాలి మీద నొక్కాలి, ఆగమన్నప్పుడు అరచెయ్యి చూపించాలి అని సిస్టర్లతో ముందే అనుకోండి. ఇంకొకటి, సెలైన్ సూది ఎడమ చేతికే పెట్టమను, అదీ మణికట్టు దగ్గర కాకుండా పైకి. నువ్వు కుడిచేత్తో ఎక్కువ మాట్లాడతావు. వినేవాళ్ళకి అది తట్టదు, చెయ్యి చెక్కకి కట్టేసి ‘కదపొద్దు’ అంటే అప్పుడు నోరు కట్టేసినట్టే. సిజేరియన్ అయితే చెవి మిషన్, కళ్ళజోడు చివరి క్షణం దాకా ఉంచమను, స్పృహ రాగానే ఇవ్వమను.

ఇన్ఫెక్షన్ వచ్చి ఇంజెక్షన్ రాస్తే మటుకు, ‘నాకు ఎడమ చెవిలో కాస్త వినికిడి మిగిలి ఉంది’ అని చెప్పు. జెంటమైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటివి లోపలి చెవిని దెబ్బతీయగలవు. ఎలాగూ వినబడని మనిషే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఉంటారు. మిషన్ పెట్టుకుంటే ఆటో హారన్ వినబడుతుందంటావే, ఆ కాస్తా నీది. స్ట్రెప్టోమైసిన్ అయితే కడుపులో బిడ్డ చెవికీ ముప్పే.

పుట్టాక బిడ్డకి వినికిడి పరీక్ష చేస్తారు, నిద్రపోతుండగా చెవిలో చిన్న బుడిపె పెట్టి. మొదటి నెలలోపే చేయించు, తేడా ఉందంటే మూడో నెలలోపు పెదవాల్తేరు ఈఎన్టీ ఆసుపత్రిలోనో ఇంకెక్కడైనానో ఖాయం చేయించు. ఆరో నెలకి ఏదో ఒక భాష బిడ్డకి మొదలై ఉండాలి. తల్లీతండ్రీ డెఫ్ అయినా ఎక్కువమంది పిల్లలకి వినబడుతుంది, అది కూడా గుర్తుంచుకో. ఈ ఒక్క ఘట్టంలో మాత్రం వినే డాక్టర్ ఒక్కరి మాట మీద నడవకు. వాళ్ళు వినికిడి కోసం చెవిలో ఇంప్లాంట్ పెట్టే ఆపరేషన్ దగ్గర మొదలుపెడతారు, మనవాళ్ళు సైన్ దగ్గర మొదలుపెడతారు. పిల్లల్ని పెంచిన డెఫ్ తల్లులతో మాట్లాడు, ఇంప్లాంట్ పెట్టించినవాళ్ళతోనూ, పెట్టించనివాళ్ళతోనూ. ఆ పరీక్షలో ఏం తేలినా పుట్టినరోజు నుంచే సైన్ చెయ్యి. సైన్ నేర్పితే మాట రాదని ఎవరైనా భయపెడితే వాళ్ళని నా దగ్గరికి పంపు.

అత్తగారితో గొడవ పెట్టుకోకు. గాజువాక డాక్టరమ్మ దగ్గరికే మొదట వెళ్ళు, పైన చెప్పినట్టు చూడు. అత్తగారిని బయట కుర్చీలో కూర్చోమను, బ్యాగ్ ఆవిడకి ఇవ్వు. డాక్టరమ్మ బాగుంటే అంతకంటే ఏం కావాలి, మార్చాల్సొస్తే నేను వచ్చి మీ అత్తగారితో మాట్లాడతాను. అల్లుడితో చెప్పు, అతను వెతికే డెఫ్ డాక్టర్ దొరికితే నెంబరు నాకూ కావాలి, నా మోకాళ్ళ సంగతి అడగాలి. కార్డు ఎలా రాశావో ఫోటో తీసి పంపు. అక్షరాలు పెద్దవిగా రాయి.

మీ పెద్దమ్మ