వీడియో ఇంటర్వ్యూకు మార్కులు వేసేది ఏఐ అయితే...

ప్రశ్న: షికాగోలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఇక్కడి ఉద్యోగానికి ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూ లింకు పంపి, నా జవాబులను ఏఐ పరిశీలిస్తుందంటూ అంగీకారం అడిగింది. డాలస్‌లో ఉద్యోగానికి ఇలాంటి ఇంటర్వ్యూ ఇచ్చిన నా మిత్రుణ్ని ఎవరూ ఏమీ అడగలేదట. ఎందుకీ తేడా? నేను ఒప్పుకోనని చెప్పవచ్చా?

జవాబు: ఏఐ మొత్తానికి వర్తించే కేంద్ర చట్టం అమెరికాలో లేదు. ఏ రాష్ట్రం దారి దానిదే. మీ షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో వీడియో ఇంటర్వ్యూల కోసమే ఒక చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఆ రాష్ట్రంలోదైతే చాలు, అది వర్తిస్తుంది. ఏఐ వాడతామని ముందే చెప్పాలి, అది ఎలా పనిచేస్తుందో, ఏ తరహా లక్షణాలు చూస్తుందో వివరించాలి, అంగీకారం తీసుకోవాలి.

డాలస్ ఉన్న టెక్సాస్‌లో ఏఐ చట్టం 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. వివక్ష చూపాలన్న ఉద్దేశంతో ఏఐని వాడకూడదంటుంది గానీ, ప్రైవేటు కంపెనీ అభ్యర్థికి ముందుగా చెప్పి తీరాలని అనదు. పైగా చర్య తీసుకోవలసింది రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరలే. మీ మిత్రుడికి దానివల్ల ఒరిగేది తక్కువేనని నా అభిప్రాయం.

మీరు నిరభ్యంతరంగా కాదనవచ్చు. అప్పుడు మీ వీడియోను ఏఐతో అంచనా వేయకూడదు. కానీ బదులుగా మనిషితో ఇంటర్వ్యూ పెట్టాలని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. అసలైన చోటే కలం ఆగిపోయింది! అందుకే, ఉద్యోగం కావాలనుకుంటే ఒప్పుకోండి. వాళ్లిచ్చిన వివరణను మాత్రం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

మన ఉచ్చారణ యంత్రానికి అంతుపట్టక మార్కులు తగ్గాయేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఇల్లినాయ్ మానవ హక్కుల చట్టానికి చేసిన సవరణ 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. జాతి, పుట్టిన దేశం వంటి కారణాలతో నియామకాల్లో వివక్షకు దారితీసే ఏఐ వాడకం, ఉద్దేశం లేకపోయినా తప్పే. ఆ రాష్ట్ర మానవ హక్కుల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇలాంటి రాష్ట్ర చట్టాలను పదేళ్లపాటు ఆపాలన్న ప్రతిపాదనను 2025 జులైలో సెనేట్ 99-1 ఓట్లతో తీసిపారేసింది. డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ వీటికి వ్యతిరేకంగా ఉత్తర్వు ఇచ్చినా, ఉత్తర్వుతోనే రాష్ట్ర చట్టం రద్దైపోదు.

ఫలితం వచ్చాక వీడియో తొలగించమని కంపెనీకి మెయిల్ పెట్టండి. అది అందిన 30 రోజుల్లోగా బ్యాకప్‌లతో సహా తొలగించాలి, ఇతరులకు పంపిన కాపీలనూ తీసేయమని చెప్పాలి. ఫోనులో అడిగితే ఆధారం మిగలదు.