తొమ్మిదో పేజీ నుంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను, మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. నువ్వుండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోనే కాబట్టి, ఆ ఊరి నుంచే గొంతెత్తి రేడియోలో కుట్ర కథలు చెప్పే అలెక్స్ జోన్స్ గురించి తెలుగులో రాయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. నీకు చెయ్యి ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి ఎనిమిది పేజీల్లో అతని అరుపులు, అతని ముఖం, బల్ల మీద అతను గుద్దే చప్పుడు అన్నీ వినిపించాయి. శాండీ హుక్ బడిలో కాల్పులకు బలైన పిల్లల తల్లిదండ్రులు వచ్చేది తొమ్మిదో పేజీలో, అదీ నాలుగు లైన్లలో. చదివి పక్కన పెట్టాక నా చెవిలో మిగిలింది అతని గొంతే. దశాబ్దాలుగా అతను రేడియోలో చేసింది కూడా అదే కదా. నువ్వు అతన్ని తిడుతూనే అతనికి మైకు అందించావు.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక జిల్లా పేజీకి రాసే రోజుల్లో, ఒక పల్లెలో ఒంటరి ముసలామె చేతబడి చేస్తోందని పుకారు లేచింది. అది అబద్ధమని చెప్పడానికే వెళ్లాను. పుకారు పుట్టించిన మనిషి మంచి మాటకారి. అతని మాటలు వరసపెట్టి రాసుకున్నాను, అవే అచ్చయ్యాయి. ఆమె గురించి ఒక్క వాక్యం. పేరు కూడా తప్పు పడింది. నెల తర్వాత వెళ్తే ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. గుమ్మం పక్కన తులసి కోట ఎండిపోయి ఉంది. ఆ ఊళ్లోవాళ్లు నా వార్తలోంచి అప్పజెప్పినవన్నీ అతని మాటలే. ఆ తాళం నాకిప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది.

కాబట్టి ముందు ఆ తండ్రి దగ్గరికి వెళ్లు. 2012 డిసెంబర్ 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని ఆ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. మర్నాడు సాయంత్రం, ఆరేళ్ల కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి ఒకాయన విలేకరుల ముందుకొచ్చాడు. మైకు వైపు నడుస్తూ ఒక్క క్షణం నవ్వాడు. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, గొంతు పెగల్చుకుని కూతురి గురించి మాట్లాడాడు. జోన్స్ ఆ ఒక్క క్షణాన్నే పట్టుకుని, ఇతను నటుడు, ఇదంతా నాటకం అని చెప్పుకొచ్చాడు. బెదిరింపులు మొదలయ్యాయి. ఆ కుటుంబం దేశం ఆ చివరికి, వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్లిపోయింది. అక్కడా, ఏళ్ల తర్వాత, సియాటిల్ వీధిలో ఎవరో ఎదురుపడి నిలదీశారు. చావుకొచ్చిన బంధువు ఏదో అంటే కన్నీళ్ల మధ్యే నవ్వే ఇళ్లు మనం చూడలేదా? ఆ నవ్వేమిటో మన పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు. నువ్వు ఆ క్షణం దగ్గర ఆగితే చాలు. నీ ప్రతిలో ఆ నవ్వే లేదు.

అలాగని జోన్స్‌ని పిచ్చివాడనో రాక్షసుడనో రాసి చేతులు దులుపుకోకు. జనం ఎందుకు నమ్మారో చెప్పాలి. 1993లో ఆస్టిన్‌కి కాస్త దూరంలోనే, వేకో దగ్గర ఒక మత బృందం ఉన్న చోటిని ప్రభుత్వ బలగాలు 51 రోజులు ముట్టడించాయి. చివరికి మంటల్లో పిల్లలతో సహా డెబ్భైమందికి పైగా పోయారు. ప్రభుత్వం మీద ఆ జనానికి కలిగిన అనుమానం ఊరికే పుట్టలేదు. ఆ కాలంలోనే జోన్స్ ఆస్టిన్ కేబుల్ టీవీలో మాట్లాడటం మొదలుపెట్టాడు. వేకోలో కాలిపోయిన ఆ బృందం చర్చిని మళ్లీ కట్టించడానికి చందాలు కూడా పోగుచేశాడు. 1999లో రేడియో ఉద్యోగం పోతే ఇంటర్నెట్ పట్టుకుని ఇన్ఫోవార్స్ అనే సొంత వెబ్‌సైట్ పెట్టాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు మనవాళ్లు. ఒకచోట నిజంగానే నిప్పు చూసినవాళ్లకు, ఆ తర్వాత అతను చూపించిన ప్రతి పొగా నిజమే అనిపించింది. సెప్టెంబర్ 11 దాడులు ప్రభుత్వం పనేనన్నా నమ్మారు, న్యూటౌన్ నాటకమన్నా నమ్మారు.

ఆ భయం చుట్టూ ఒక కొట్టు నడిచింది. ప్రపంచం మునిగిపోతోందని చెప్పడం, వెంటనే మాత్రలు, పొడులు, ఏళ్లు నిలవుండే తిండి అమ్మడం. 2018లో కొన్ని రోజులు రోజుకి 8 లక్షల డాలర్ల వ్యాపారం జరిగిందని, పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు అతని మీద పరువునష్టం దావాలు వేసినప్పుడు కోర్టులో బయటపడింది. ఇది నీ వ్యాసానికి వెన్నెముక. నువ్వు దీనికి ఒక్క పేరా ఇచ్చావు. అతని లాయర్లు పొరపాటున అతని ఫోన్ కాపీ మొత్తం ఎదుటి లాయరుకి పంపిన సంగతికి మూడు పేజీలిచ్చావు. సినిమా సీన్‌లా ఉందని నాకూ తెలుసు. ఒక్క పేరాకి కుదించు.

ఇక తప్పులు. "జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది" అని రాశావు. ఇవి సివిల్ దావాలు, నేర విచారణ కాదు. పైగా బాధ్యత ఎవరిదన్నది జ్యూరీ దాకా రాలేదు. అడిగిన పత్రాలు ఇవ్వనందుకు 2021లోనే జడ్జీలు అతను ఓడినట్టు తేల్చేశారు. పరిహారం ఎంతో చెప్పడమే జ్యూరీల పని. అంకెలు కూడా కలిపేశావు. 2022 ఆగస్టులో మీ ఊరి జ్యూరీ చెప్పింది దాదాపు 4.9 కోట్ల డాలర్లు. అక్టోబర్‌లో కనెటికట్ జ్యూరీ 96.5 కోట్లంది. నవంబర్‌లో అక్కడి జడ్జి ఇంకో 47.3 కోట్లు కలిపారు. 2024లో అప్పీలు కోర్టు అందులో 15 కోట్లు తగ్గించింది. తీర్పొస్తే డబ్బు చేతికొచ్చినట్టు కాదని కూడా రాయి. అతను 2022లోనే దివాలా పిటిషన్ వేశాడు.

ఆస్టిన్ కోర్టులో, ఆరేళ్ల కొడుకుని పోగొట్టుకున్న తల్లి సాక్షి బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా ఉన్న జోన్స్‌ని చూస్తూ, నా కొడుకు నిజం, నేను నిజమైన తల్లిని అని చెప్పింది. ఆ మాట కోర్టులో చెప్పుకోవాల్సి రావడం గురించి ఆలోచించు తమ్ముడూ. ఆ మర్నాడే అతను, శాండీ హుక్ నూటికి నూరు శాతం నిజమని ఒప్పుకున్నాడు. నీ ప్రతిలో అతని ఒప్పుకోలు ఉంది, ఆమె మాట లేదు.

కోర్టు మీ ఇంటికి దగ్గరే. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లి, ఆ గదిలో సాక్షి కుర్చీకి, అతను కూర్చున్న చోటికి మధ్య ఎంత దూరమో చూసి రా. ఆ దూరం నుంచే మొదటి పేరా రాయి. సంక్రాంతికి ముందే పంపు, పండగకి మనవలు వస్తే నాకు తీరిక దొరకదు. ఈసారి కూడా పెన్సిల్ పట్టుకునే చదువుతాను.

నీ అన్నయ్య