సంతకం పెట్టినంత మాత్రాన కేసు పోయినట్టేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మహేంద్రగిరి చాలాసార్లు ఎక్కిన ధైర్యంతో నలుగురు స్నేహితులం మొన్న ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ వెళ్లాం. ఢిల్లీ కంపెనీ ఒకటి ఐదు రోజుల బ్యాక్‌కంట్రీ (చదును చేయని కొండ మంచు మీద) స్కీయింగ్ ప్యాకేజీకి మనిషికి 68 వేలు తీసుకుంది. డబ్బంతా నా ఖాతా నుంచే కట్టాను. నలుగురికో గైడు, అందరికీ బీకన్లు అని బ్రోచర్‌లో ఉంది. తీరా చూస్తే తొమ్మిదిమందికి ఒక్క గైడు, నాలుగే బీకన్లు. రెండో రోజే గోండోలా (కేబుల్ కారు) పై స్టేషన్ దగ్గర హద్దు తాడు దాటించి తీసుకెళ్లాడు. మావాడు పడి కాలి ఎముక విరిగింది. కట్టు కట్టడానికి గైడ్ దగ్గర ఏమీ లేదు, కిందికి తేవడానికి మూడు గంటలు పట్టింది. ఆపరేషన్‌కి 2 లక్షల 40 వేలయింది. అడిగితే 'సొంత పూచీ మీద వచ్చామని సంతకం పెట్టారు, ఏదైనా ఢిల్లీ కోర్టులోనే' అంటున్నారు. ఇక చేసేదేం లేదా?

జవాబు: ఉంది. ఢిల్లీ వెళ్లక్కర్లేదు కూడా. కాకపోతే మీరు బలమనుకుంటున్న బీకన్ల పాయింటు అంత బలమైనది కాదు. ముందు అది చెబుతాను.

మంచుచరియ కింద కూరుకుపోయినవాడు ఎక్కడున్నాడో సిగ్నల్‌తో పట్టిచ్చేది బీకన్. మొదటి పావుగంటలో తవ్వి తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ కాబట్టి బీకన్, పొడవాటి కడ్డీ, పార ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. అక్కడ ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2023 ఫిబ్రవరి 1న గుల్‌మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ వాలు మీద పోలండ్ వాళ్లు ఇద్దరు, 2024 ఫిబ్రవరి 22న రష్యా అతను ఒకరు చరియల్లోనే పోయారు. తొమ్మిదిమందికి నాలుగు బీకన్లతో కొండెక్కించడం ఘోరమే. కానీ ఆ రోజు చరియ విరగలేదు. మీవాడి కాలు విరగడానికి బీకన్ లేకపోవడం కారణం కాదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. చెప్పిన సేవ ఇవ్వలేదని ప్యాకేజీ డబ్బు వెనక్కి అడగడానికి బీకన్లు పనికొస్తాయి. ఆసుపత్రి ఖర్చు రాబట్టడానికి పనికిరావు.

ఆ ఖర్చుకి వేరే దారి పట్టాలి. హద్దు తాడు దాటాక మంచు చదును చేసేవాళ్లుండరు, గస్తీ ఉండదు. అక్కడికి ఎవర్ని తీసుకెళ్లాలో తేల్చడమే గైడ్ అసలు పని. మొదటి రోజు మీవాడు ఎలా మలుపు తిరుగుతున్నాడో, ఎలా ఆగుతున్నాడో చూసి, చాలదనుకుంటే కింది వాలు మీదే ఉంచేయాలి. తొమ్మిదిమందిని ఒక్కడు ఎక్కడ చూస్తాడు? కాలికి బద్ద కట్టే సామాను లేకపోవడం, మూడు గంటల ఆలస్యం వల్ల గాయం ముదిరిందని ఆపరేషన్ చేసిన డాక్టరు రెండు ముక్కలు రాసిస్తే కేసుకి ప్రాణం వస్తుంది.

ఇక సంతకం. స్కీయింగ్‌లో పడతారు, ఎముకలు విరుగుతాయి. కొండ తెచ్చే ఆ ప్రమాదానికి మీరు ఒప్పుకున్నట్టే. దాని మీద నష్టపరిహారం అడిగితే రాదు, అడగడం న్యాయమూ కాదని నా అభిప్రాయం. కంపెనీ అజాగ్రత్తకి మాత్రం మీరు పూచీ పడలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'సేవాలోపం' అనే మాటలోనే నిర్లక్ష్యం కూడా ఉంది. ఆ ఫారంలోని షరతు అన్యాయమైనదని విడిగా కొట్టేయించాలంటే కటక్‌లోని రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. మీకు ఆ అవసరం లేదు. సేవాలోపం మీదే ఫిర్యాదు నడపండి.

ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకోవచ్చని అదే చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీ గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. బిల్లు కింద చిన్న అక్షరాల్లో 'ఢిల్లీ కోర్టులే' అని అచ్చేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. డబ్బు మీరు కట్టినా, సేవ పొందినవాడు కూడా వినియోగదారుడే. అందుకని గాయం ఫిర్యాదు మీ స్నేహితుడి పేరు మీదే పెట్టండి. ఫీజు లెక్క మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన డబ్బుని బట్టి. మీ నలుగురిదీ కలిపినా 2 లక్షల 72 వేలు, 5 లక్షల లోపే. ఫీజు సున్నా. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని దిగండి.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు. భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద పెట్టొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇచ్చే ఫిర్యాదు) పర్లాకిమిడిలోనే ఇవ్వొచ్చు. దర్యాప్తు మాత్రం కాశ్మీర్‌కి వెళుతుంది. డబ్బు రావడమే మీకు ముఖ్యమైతే ఆ టెన్షన్ వద్దు.

ముందు కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో గైడ్ శిక్షణ సర్టిఫికెట్, టూరిజం శాఖ రిజిస్ట్రేషన్ కాపీ అడగండి. కాశ్మీర్‌లో గైడ్లు, ట్రావెల్ ఏజెంట్లు రిజిస్టర్ కావాలని 1978 నుంచీ చట్టముంది. వాళ్లు ఇవ్వకపోయినా మీకే లాభం. బ్రోచర్, యూపీఐ రసీదులు, ఆ రోజు తొమ్మిదిమందీ కలిసి దిగిన ఫొటో జాగ్రత్త చేయండి. ఒక్క గైడే ఉన్నాడనడానికి ఆ ఫొటోకి మించిన సాక్ష్యం దొరకదు. వాట్సాప్ గ్రూపు డిలీట్ చేయకండి. మనవాళ్ల తెలుగు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది, కమిషన్‌లో ఒడియా, ఇంగ్లిష్ నడుస్తాయి. అందుకని అవసరమైన మెసేజిలకి అనువాదం జతచేయండి.

ఒక్కటి మాత్రం మీ ఉత్తరంలో లేదు. ఇలాంటి ఫారాల్లో 'ఇంతకు ముందు స్కీయింగ్ అనుభవం' అని ఒక గడి ఉంటుంది. సీటు దొరకదేమోనని చాలామంది కుర్రాళ్లు అక్కడ 'బాగా వచ్చు' అని టిక్కు పెట్టేస్తారు. మీవాడు ఏం పెట్టాడు? అబద్ధం రాసుంటే కేసు పోదు గానీ, పరిహారం తగ్గొచ్చు. అతన్ని కూర్చోబెట్టి ఆ సంగతి కనుక్కున్నాకే నోటీసు రాయించండి.